మారణహోమం అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి: తెలుగు వార్తా సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల, వార్తా చానళ్ల, వెబ్‌సైట్ల సంపాదకులకు, ముఖ్యంగా అంతర్జాతీయ వార్తలు చూసే సబ్‌ఎడిటర్లకు,

నమస్కారం.

రాత్రి పదకొండు గంటలకు ఏజెన్సీ కాపీ వస్తే పదిహేను నిమిషాల్లో తెలుగు చేసి పేజీ వదలాల్సిన పని మీది. ఆ టెన్షన్ నాకు కొంత తెలుసు. అందుకే ఈ విషయాన్ని మొదటే బయట పెట్టలేదు. గత రెండేళ్లలో ఒక పత్రికకు మూడు ఉత్తరాలు రాశాను, ఒక చానల్‌కు మెయిల్ పంపాను. ఉత్తరాలు బుట్టదాఖలయ్యాయి. చానల్ నుంచి ఫోన్ చేసినాయన మర్యాదగానే మాట్లాడారు. "సార్, మీరు చెప్పేది లా క్లాసులో బాగుంటుంది. చూసేవాళ్లకు ఇంత వివరం అక్కర్లేదు" అన్నారు. అక్కర ఉందని చెప్పడానికే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

నా ఫిర్యాదు ఇదీ. ఎక్కడ పౌరుల మీద పెద్ద ఘోరం జరిగినా మన వార్తల్లో దాని పేరు నిలకడగా ఉండదు. హెడ్డింగులో మారణహోమం, మొదటి పేరాలో యుద్ధ నేరం, చివరి పేరాలో మానవత్వంపై దాడి. పక్క పేజీలో అదే సంఘటన జాతి హననం అయిపోతుంది. ఒకే మాట మళ్లీ మళ్లీ వాడితే బాగుండదని మార్చి రాస్తున్నారేమో. కథ రాసేటప్పుడు అది మంచి అలవాటే. కానీ ఇవి పర్యాయపదాలు కావు. వీటి వెనక కోర్టులో మూడు వేర్వేరు నేరాలున్నాయి: జాతి నిర్మూలన (జెనోసైడ్), మానవాళిపై నేరం, యుద్ధ నేరం. ఒక్కోదానికి రుజువు చేయాల్సినవి వేరు, విచారించగల కోర్టులు కూడా కొన్నిసార్లు వేరు. (ఆ మాటకొస్తే మారణహోమం అన్న మాటే నాకు నచ్చదు. హోమం చేసినవాడికి పుణ్యం వస్తుందంటారు. ఇక్కడ ఆ మాట ఎందుకు వచ్చి కూర్చుందో! సరే, అది వేరే గొడవ.)

నేను న్యాయ విద్యార్థులకు అంతర్జాతీయ నేర చట్టం చెబుతాను. పోయిన పరీక్షలో "మానవాళిపై నేరం అనడానికి ఏమేమి రుజువు కావాలి?" అని అడిగితే, సగానికి పైగా పేపర్లలో ఒకటే జవాబు: యుద్ధ సమయంలో వేలాది మందిని చంపడం. అందులో యుద్ధమూ తప్పే, వేలూ తప్పే, చంపడం ఒక్కటే అనుకోవడమూ తప్పే. ఎక్కడ చదివారని అడిగాను. "పేపర్లో, సార్" అన్నారు.

అందుకని చట్టం ఏమంటుందో ముందు చెబుతాను. అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని ఏర్పాటు చేసిన రోమ్ శాసనాన్ని 1998 జులై 17న ఆమోదించారు. అది 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని 7వ అధికరణం పదకొండు రకాల చర్యలను చెబుతుంది. హత్య, సమూహాలను తుదముట్టించడం, బానిసలుగా చేసుకోవడం, దేశం దాటించడం లేదా బలవంతంగా తరలించడం, చట్టవిరుద్ధంగా నిర్బంధించడం, చిత్రహింసలు, అత్యాచారం తదితర లైంగిక హింస, ఒక సమూహాన్ని వేధించి హక్కులు లాక్కోవడం, మనుషుల్ని బలవంతంగా మాయం చేయడం, జాతి వివక్ష పాలన, చివరగా అదే స్థాయిలో శరీరానికీ మనసుకూ తీవ్ర హాని చేసే ఇతర అమానుష చర్యలు. చంపడం వీటిలో ఒకటి మాత్రమేనని గమనించండి.

వీటిలో ఏదో ఒకటి జరిగినంత మాత్రాన అది మానవాళిపై నేరం అయిపోదు. హత్య ఎక్కడైనా హత్యే, దానికి మామూలు కోర్టులు ఉన్నాయి. దాన్ని మానవాళిపై నేరంగా మార్చేది దాని చుట్టూ ఉన్న పరిస్థితి. ఆ చర్య పౌర జనాభా మీద జరుగుతున్న ఒక దాడిలో భాగమై ఉండాలి. దాడి అంటే ఫిరంగులే పేలనక్కర్లేదు, ఇలాంటి చర్యలు వరసగా, పలుమార్లు జరగడమే దాడి. ఆ దాడి విస్తృతంగానైనా ఉండాలి, ఒక పద్ధతి ప్రకారమైనా జరగాలి. రెండూ ఉండాలని లేదు. ఈ "లేదా" అన్న చిన్న మాటను మన అనువాదాలు ఎన్నిసార్లు "మరియు"గా మార్చాయో లెక్కలేదు. దాడి వెనక ఒక రాజ్యం విధానమో, ఒక సంస్థ విధానమో ఉండాలి. చివరగా, చేసినవాడికి తాను చేస్తున్నది ఆ దాడిలో భాగమని తెలిసి ఉండాలి. పథకం వివరాలన్నీ తెలియాలని కాదు, పెద్ద దాడి నడుస్తోందనీ, తన పని అందులో కలుస్తోందనీ తెలిస్తే చాలు.

ఈ చివరి అంశం చదువుతున్నప్పుడు క్లాసు ఎప్పుడూ నిశ్శబ్దమైపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో బ్రిటిష్ అధీనంలోని ప్రాంతంలో ఉన్న సుప్రీంకోర్టు ముందుకు కొన్ని విచిత్రమైన కేసులు వచ్చాయి. నిందితులు సైన్యాధికారులు కారు, మంత్రులు కారు. పక్కింటివాళ్ల గురించి నాజీల రహస్య పోలీసు విభాగమైన గెస్టపోకు చాడీలు చెప్పిన మామూలు మనుషులు. ఆ కబురు ఎక్కడికి చేరుతుందో, చేరాక ఏం జరుగుతుందో తెలిసే చెప్పారు కాబట్టి, అది మానవాళిపై నేరమేనని ఆ కోర్టు తీర్పులిచ్చింది.

యుద్ధ నేరానికి యుద్ధం కావాలి, అంటే దేశాల మధ్యో దేశం లోపలో సాయుధ ఘర్షణ ఉండాలి. అందులో బాధితుడు సైనికుడు కూడా కావచ్చు. 1948 జెనోసైడ్ ఒప్పందం ప్రకారం జాతి నిర్మూలనకు ఒక ప్రత్యేక ఉద్దేశం రుజువు కావాలి. జాతీయ, తెగ, వర్ణ, మత సమూహాల్లో ఒకదాన్ని పూర్తిగా గానీ కొంత మేర గానీ, ఆ సమూహంగానే నాశనం చేయాలన్న ఉద్దేశం. రాజకీయ పక్షాలు ఆ నాలుగింటిలో లేవు. మానవాళిపై నేరానికి యుద్ధమూ అక్కర్లేదు, ఆ ప్రత్యేక ఉద్దేశమూ అక్కర్లేదు. బాధితులు ఏ సమూహంవాళ్లయినా కావచ్చు.

యుద్ధం అక్కర్లేదన్న సంగతి మొదటి నుంచీ ఉన్నది కాదు, దాని వెనక ఒక కామా కథ ఉంది. సబ్‌ఎడిటర్లకు ఇది తప్పక నచ్చుతుంది. యుద్ధం తర్వాత నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణకు ఆధారమైన చార్టర్ మీద 1945 ఆగస్టు 8న లండన్‌లో సంతకాలయ్యాయి. మానవాళిపై నేరాల నిర్వచనం మధ్యలో ఇంగ్లిష్, ఫ్రెంచ్ ప్రతుల్లో సెమికోలన్ ఉంది, రష్యన్ ప్రతిలో కామా ఉంది. ఎవరో ఆ తేడా పట్టుకున్నారు. అక్టోబరు 6న బెర్లిన్‌లో ప్రత్యేకంగా ఒక ప్రోటోకాల్ రాసుకుని సెమికోలన్ తీసేసి కామా పెట్టారు. దాంతో నిర్వచనంలోని చర్యలన్నీ యుద్ధంతో ముడిపడి ఉండాలన్న షరతు కిందకి వచ్చాయి. ఫలితంగా 1939 సెప్టెంబరుకు ముందు జర్మనీ తన సొంత పౌరుల మీద సాగించిన అకృత్యాలను మానవాళిపై నేరాలుగా ఆ ట్రైబ్యునల్ ప్రకటించలేకపోయింది. ఆ ముడి విప్పడానికి దశాబ్దాలు పట్టింది. 1993 యుగోస్లావియా ట్రైబ్యునల్ శాసనంలో సాయుధ ఘర్షణ షరతు ఇంకా ఉంది. 1994 రువాండా ట్రైబ్యునల్ శాసనంలో పోయింది. 1998లో రోమ్ దాన్ని పూర్తిగా వదిలేసింది. మన వార్తలు మాత్రం ఇంకా 1945 అక్టోబరు దగ్గరే ఆగిపోయాయి.

న్యూరెంబర్గ్ గురించి మరొక్క మాట. అక్కడ కేవలం మానవాళిపై నేరాల అభియోగం మీదే దోషులైనవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లలో ఒకడైన యూలియస్ స్ట్రైకర్ ఒక వారపత్రిక ప్రచురణకర్త. యూదులను తుదముట్టించాలని ఏళ్ల తరబడి ఆ పత్రికలో రెచ్చగొట్టినందుకు 1946లో ఉరితీశారు. రువాండాలో 1994లో తుత్సీల మీద విషం కక్కిన ఆర్టీఎల్ఎం రేడియో వ్యవస్థాపకుల్లో ఒకడైన ఫెర్డినాండ్ నహిమానాకు అదే రకం నేరం మీద పడిన శిక్షను, తగ్గించినా, 2007లో అప్పీలు కోర్టు నిలబెట్టింది. మిమ్మల్ని వాళ్లతో పోల్చడానికి ఇది చెప్పడం లేదు. ఈ నేర చరిత్రలో మీ వృత్తి బయట నిలబడి చూసే ప్రేక్షకుడు కాదని గుర్తు చేస్తున్నాను, అంతే.

ఇక అన్నీ ఒకే గాటన కట్టేయడం వల్ల మామూలు మనుషులకు జరిగే నష్టం.

1. జాతి నిర్మూలన కాదంటే ఏమీ కాదన్నట్టు అవుతుంది. సుడాన్‌లోని డార్ఫుర్ విషయంలో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2005 జనవరిలో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం జాతి నిర్మూలన విధానం అనుసరించినట్టు తేలలేదని ఒకవైపు చెబుతూనే, మానవాళిపై నేరాలు జరిగి ఉండొచ్చనీ, వాటి తీవ్రత జాతి నిర్మూలనకు తక్కువేమీ కాదనీ విడమరిచి రాసింది. మొదటి ముక్క ప్రపంచమంతా హెడ్డింగ్ అయింది. రెండో ముక్క లోపలి పేజీల్లో మిగిలింది. గుడిసెలు కాలిపోయి శిబిరాల్లో బతుకుతున్నవాళ్లకు ఆ హెడ్డింగ్ ఎలా వినబడి ఉంటుంది? మీకు పెద్ద అన్యాయమేం జరగలేదు పొమ్మన్నట్టే. నిజానికి ఆ నివేదిక ఫలితంగానే 2005 మార్చి 31న భద్రతా మండలి ఆ వ్యవహారాన్ని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి పంపింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2025 అక్టోబరులో, ప్రభుత్వం అండ ఉన్న జంజవీద్ అనే సాయుధ మూక నాయకుడు అలీ కుషైబ్ మానవాళిపై నేరాలు, యుద్ధ నేరాలు కలిపి 27 అభియోగాల్లో దోషిగా తేలాడు.

కంబోడియాలోనూ ఇదే పేచీ. ఖ్మేర్ రూజ్ పాలనలో దాదాపు 17 లక్షల మంది పోయారని అంచనా. అక్కడి ప్రత్యేక కోర్టు 2018 తీర్పులో జాతి నిర్మూలనగా తేలింది వియత్నామీయుల, చామ్ ముస్లింల విషయంలోనే. చనిపోయినవాళ్లలో అత్యధికులు పాలకుల సొంత జాతివాళ్లయిన ఖ్మేర్లు, వాళ్లకు జరిగింది చట్టం దృష్టిలో మానవాళిపై నేరం. మెట్ల మీద మెట్టులా జాతి నిర్మూలనను పైన, దీన్ని కింద పెట్టి రాస్తే, అన్నం లేక, పని భారంతో కుప్పకూలిన ఆ లక్షల మందికి రెండో తరగతి చావు అంటగట్టినట్టవుతుంది. చట్టంలో అలాంటి మెట్లేమీ లేవు.

2. అంకెల పిచ్చి. ఎంతమంది పోయారన్నదే మీరు ముందు అడిగే ప్రశ్న. చిలీలో 1973 సెప్టెంబరులో, సైనిక తిరుగుబాటు జరిగిన కొద్ది రోజులకే, ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి పోలీసులు ఇంటి దగ్గరే, కుటుంబం కళ్లముందు కాల్చారు. మర్నాడు చనిపోయాడు. ఒక్క మనిషి, ఒక్క హత్య. క్షమాభిక్ష చట్టం చూపించి దేశంలోని కోర్టులు ఫైలు మూసేశాయి. 2006లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం ఆ ఒక్క హత్య కూడా మానవాళిపై నేరమేననీ, క్షమాభిక్ష చట్టం దాన్ని కప్పలేదనీ తీర్పు చెప్పింది. ఎందుకంటే ప్రతిపక్షాన్ని ఏరివేసే పెద్ద దాడిలో అది భాగం. ముప్ఫై మూడేళ్లు ఆ కుటుంబం తిరిగిన కోర్టు మెట్లు మీ అంకెల పెట్టెలో పట్టవు. "ఒక్కరే కదా" అనుకుని ఇంట్లోనే కూర్చుండిపోయిన కుటుంబాలు ఎన్నో. మీ వార్త సరిగ్గా ఉంటే వాళ్లలో ఒకరైనా లాయరు దగ్గరికి వెళ్తారు.

3. శాంతి కాలంలో జరిగేది కనిపించదు. ఫిలిప్పీన్స్‌లో మాదకద్రవ్యాలపై పోరు పేరుతో చనిపోయినవాళ్లు పోలీసుల లెక్కలోనే ఆరు వేలకు పైగా ఉన్నారు. యుద్ధం లేదు, సరిహద్దు లేదు, శత్రు సైన్యం లేదు. ఆ వ్యవహారంలోనే మాజీ అధ్యక్షుడు డుటెర్టేను 2025 మార్చి 11న అరెస్టు చేసి, అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఉన్న హేగ్‌కు తీసుకెళ్లారు. అది ఇంకా అభియోగమే, తీర్పు కాదు. కానీ ఆ అభియోగం పేరు మానవాళిపై నేరం కింద హత్య. యుద్ధ నేరం అని రాస్తే పాఠకుడికి మొదట వచ్చే సందేహం "అక్కడ యుద్ధం ఎప్పుడు జరిగింది?" అనే. ఆ సందేహంతోనే ఆరోపణ మొత్తాన్ని కొట్టిపారేస్తాడు.

4. దేశం దాటించడానికీ తరలించడానికీ తేడా. ఇది చాదస్తంగా అనిపించొచ్చు. 2017 ఆగస్టు నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మయన్మార్ రోమ్ శాసనంలో సభ్యదేశం కాదు, బంగ్లాదేశ్ సభ్యదేశం. దేశంలోపలే ఒకచోటి నుంచి మరోచోటికి తరిమితే అది బలవంతపు తరలింపు. సరిహద్దు దాటేలా తరిమితే దేశం దాటించడం, అంటే నేరంలో కొంత భాగం అవతలి నేల మీద పూర్తవుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకునే 2018 సెప్టెంబరు 6న అంతర్జాతీయ నేర న్యాయస్థానం తనకు విచారణాధికారం ఉందని తేల్చింది, 2019 నవంబరులో దర్యాప్తుకు అనుమతి ఇచ్చింది. మన కాపీల్లో రెండింటికీ "తరలింపు" అనే ఉంటుంది. వరద వస్తే లోతట్టు ప్రాంతాల ప్రజల్ని తరలించినట్టు!

5. "మిస్సింగ్" అని రాసే ప్రతిసారీ ఒక నేరస్థుడు వార్తలోంచి తప్పుకుంటాడు. సంతలో పిల్లవాడు తప్పిపోతే మిస్సింగ్. రాజ్యమో, దాని అండ ఉన్నవాళ్లో పట్టుకుపోయి, పట్టుకుపోలేదని బుకాయిస్తే అది బలవంతపు అదృశ్యం, పదకొండు చర్యల్లో ఒకటి. అర్జెంటీనాలో సైనిక పాలన పోయాక జాతీయ విచారణ సంఘం 1984లో 8,961 మంది అదృశ్యాలను నమోదు చేసింది. అసలు సంఖ్య 30,000 అని హక్కుల సంఘాలు అంటాయి. తర్వాత 1986, 1987లలో రెండు చట్టాలు తెచ్చి కేసులు ఆపేశారు. అమ్మలు, అమ్మమ్మలు తెల్ల రుమాళ్లు కట్టుకుని కూడలిలో తిరుగుతూనే ఉన్నారు. 2005లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ రెండు చట్టాలూ చెల్లవంది. ఇవి మానవాళిపై నేరాలు కాబట్టి కాలదోషం పట్టదు, మాఫీ చట్టాలు అడ్డురావు అన్నది అక్కడి తర్కం. పేరు సరిగ్గా పెట్టడం వల్ల ఒక తల్లికి ఏం దక్కుతుందంటే, ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా కోర్టు తలుపు తట్టే హక్కు.

6. ప్రతిదానికీ ఈ మాట వాడితే, అసలు కేసు కొట్టేసినప్పుడు ఎందుకు కొట్టేశారో ఎవరికీ అర్థం కాదు. ఐవరీకోస్ట్ మాజీ అధ్యక్షుడు గ్బాగ్బోను 2019 జనవరిలో అంతర్జాతీయ నేర న్యాయస్థానం నిర్దోషిగా వదిలేసింది, 2021లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది. హింస జరగలేదని ఆ తీర్పు అర్థం కాదు. పౌరుల మీద దాడి చేసే విధానం ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది. విధానం అన్న అంశం గురించి ముందే చెప్పి ఉంటే ఈ ముక్క పాఠకుడికి అందేది. చెప్పలేదు కాబట్టి "కోర్టులన్నీ ఇంతే, పెద్దవాళ్లకే చుట్టాలు" అన్న నిట్టూర్పు మిగిలింది. ఆ నిట్టూర్పులో నిజం ఎంత ఉందో వేరే చర్చ. కానీ రేపు సాక్ష్యం చెప్పాల్సిన మనిషి కూడా అదే నిట్టూర్చి ఇంట్లో ఉండిపోతాడు.

ఇవన్నీ చెప్పాక మీరు అడగొచ్చు: అంతా జాతి నిర్మూలన అనే ఎందుకు అంటారు, బాధిత దేశాలే ఆ మాట పట్టుకుంటాయి కదా అని. నిజమే. దానికి ఒక కారణం ఉంది, అదీ మీరు రాయని వార్తే. జాతి నిర్మూలనకు 1948 నుంచి విడి ఒప్పందం ఉంది, దాని కింద ఒక దేశం మరో దేశాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగొచ్చు (ఇది దేశాల మధ్య వివాదాలు తేల్చే కోర్టు, మనుషుల్ని విచారించే నేర న్యాయస్థానం వేరు). మానవాళిపై నేరాలకు అలాంటి విడి ఒప్పందం ఇప్పటికీ లేదు. అందుకే 2015 ఫిబ్రవరిలో క్రొయేషియా, సెర్బియా పరస్పరం వేసుకున్న దావాలు రెండింటినీ ఆ కోర్టు కొట్టేసింది. ఘోరాలు జరిగాయని ఒప్పుకుంటూనే, జాతి నిర్మూలన ఉద్దేశం రుజువు కాలేదంది. మిగతా నేరాల మీద తీర్పు చెప్పే అధికారం ఆ ఒప్పందం కింద తనకు లేదంది. ఒకే తలుపు ఉన్నప్పుడు అందరూ ఆ తలుపే తోస్తారు మరి.

ఆ రెండో తలుపు పెట్టే పని ఇప్పుడు మొదలైంది. ఐక్యరాజ్యసమితికి చట్టాల ముసాయిదాలు రాసిపెట్టే అంతర్జాతీయ న్యాయ సంఘం 2019లో ఈ ఒప్పందం ముసాయిదా అధికరణాలు పూర్తి చేసింది. ఐదేళ్లు నానిన తర్వాత ఒప్పందం కోసం చర్చలు జరపాలని 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. 2026, 2027లలో సన్నాహక సమావేశాలు, 2028, 2029లలో అసలు ఒప్పందం కోసం దేశాల మహాసభ. ముసాయిదా ప్రకారం ప్రతి సభ్యదేశం ఈ నేరాన్ని తన చట్టంలో పెట్టాలి, జరగకుండా ఆపాలి, నిందితుడు తన నేల మీద దొరికితే విచారించాలి లేదా అప్పగించాలి. పై అధికారి చెప్పాడనో, పదవిలో ఉన్నాననో తప్పించుకోలేరు. మహిళలను వివక్షతో అణచిపెట్టే పాలనను విడి నేరంగా చేర్చాలన్న డిమాండ్ కూడా బయట గట్టిగా ఉంది. ఇంత జరుగుతుంటే తెలుగులో దీని మీద నాకు కనిపించినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కాబట్టి మీ ముందు పెట్టే కోరికలు ఇవి. అన్నీ డబ్బు ఖర్చు లేనివే.

మొదటిది, ప్రతి డెస్కులో ఒక పేజీ పదపట్టిక పెట్టుకోండి. జాతి నిర్మూలన, మానవాళిపై నేరం, యుద్ధ నేరం: మూడు నేరాలకు మూడు మాటలు, ఎప్పుడూ అవే. మానవాళి అనాలా, మానవత్వం అనాలా అన్నదాని మీద పండితులకే పేచీ ఉంది. మానవత్వం అంటే క్రూరత్వాన్ని తప్పుపట్టినట్టు ఉంటుంది. మానవాళి అంటే దెబ్బ అందరికీ తగిలినట్టు, అందుకే ఎవరైనా విచారించొచ్చు అన్నట్టు ఉంటుంది. నా ఓటు మానవాళికే. మీరు రెండోదే ఎంచుకున్నా పోట్లాడను, ఒకదాని మీద నిలబడండి చాలు. ఊచకోత, నరమేధం లాంటివి వర్ణనకు వాడుకోండి. అభియోగం పేరు చెప్పే చోట మాత్రం వద్దు.

రెండోది, అలా అన్నది ఎవరో రాయండి. ఒక నాయకుడు సభలో అన్నాడా, విచారణ సంఘం నివేదికలో ఉందా, ప్రాసిక్యూటర్ అభియోగమా, కోర్టు తీర్పా? నాలుగింటికీ బరువు వేరు. టీవీ చర్చల్లో ఈ మాట విసిరినవాళ్లను యాంకర్లు ఒక్క ప్రశ్న అడగాలి: ఆ పదకొండింటిలో ఏ చర్య, ఎవరి విధానం?

మూడోది, తీర్పు వచ్చిన రోజు దోషి, నిర్దోషి అన్న రెండు మాటలతో వదిలేయకండి. ఏ అంశం రుజువైంది, ఏది కాలేదు అన్నది రెండు వాక్యాల్లో చెప్పండి. కుదరదనుకుంటే మాలాంటివాళ్లకు ఫోన్ చేయండి, రాత్రి పదకొండుకైనా ఎత్తుతాం.

నాలుగోది, 2028 సమావేశాలు మొదలయ్యేదాకా ఆగకుండా ఈ ఒప్పందం గురించి ఇప్పటి నుంచే రాయండి. ఏ దేశం ఏ అధికరణానికి అడ్డం పడుతోందో, పాలకులు మన తరఫున ఏం మాట్లాడుతున్నారో చదివే హక్కు పాఠకుడికి ఉంది.

భాష చిన్న సంగతి అనుకునేవాళ్ల కోసం ఒక ఉదాహరణ. జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టులో సిరియా మాజీ గూఢచారి అధికారి అన్వర్ రస్లాన్ మీద 2020లో విచారణ మొదలైంది. 2022 జనవరి 13న మానవాళిపై నేరాలకు యావజ్జీవం పడింది. కానీ మొదట్లో విచారణ జర్మన్‌లో నడుస్తుంటే, ప్రేక్షకుల్లో కూర్చున్న సిరియన్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. హెడ్‌ఫోన్లలో వినిపించే అరబిక్ అనువాదం కేసులో పక్షాలైనవాళ్లకే. అరబిక్ విలేకరులు జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు. గుర్తింపు ఉన్న అరబిక్ విలేకరులకు ఆ అనువాదం వినే వీలు కల్పించాలని 2020 ఆగస్టులో ఆ కోర్టు ఆదేశించింది. వాళ్లు తమ భాషలో సరిగ్గా వినడం కోసం కోర్టుకెక్కారు.

పదపట్టిక నమూనా ఒకటి తయారు చేసి పెట్టాను. అడిగిన డెస్కుకు ఉచితంగా పంపుతాను. అందులో తప్పులుంటే దిద్ది వెనక్కి పంపండి. మూడు ఉత్తరాలకు రాని జవాబు ఆ రూపంలో వచ్చినా నాకు చాలు.

ఇట్లు,
అంతర్జాతీయ నేర చట్టం బోధించే ఒక అధ్యాపకుడు